పాత బీటిల్‌ను రేస్ కారుగా మార్చడం ఎలా?

"పాత వోక్స్‌వాగన్ బీటిల్ ఒకటి దొరికింది, దాన్ని ట్రాక్ మీద పరిగెత్తించాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?" అమెరికాలో ఉంటున్న మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. దాని వెంటే రెండోది కూడా వస్తుంది: "ఇంజిన్ ఎన్ని సీసీ చేయిస్తే బాగుంటుంది?"

ఇంజిన్ సంగతి చివర. బీటిల్‌లో ఇంజిన్ వెనక ఇరుసుకు కూడా వెనకాల వేలాడుతుంది. బండి బరువులో దాదాపు 60 శాతం వెనక చక్రాల మీదే పడుతుంది. కావడిలో వెనక కుండ బరువుగా ఉంటే మలుపు తిరిగేటప్పుడు ఆ కుండే మనిషిని తిప్పేస్తుంది. ఇక్కడా అదే జరుగుతుంది. అందుకని ముందు బండి ఆగడం నేర్చుకోవాలి, తర్వాత మలుపులో నిలబడాలి, ఆ తర్వాత ఇంజిన్‌కు ఆయిల్ సరిగ్గా అందాలి. హార్స్‌పవర్ మాట ఈ మూడూ అయ్యాకే. వరస తిరగేసి ముందు పెద్ద ఇంజిన్ కట్టించుకున్నవాళ్ల బళ్లు మొదటి రోజే గడ్డిలోకి వెళ్లడమో, బేరింగులు పట్టేయడమో మామూలు.

చిన్న ఇంజిన్‌తో రేసు ఏం నేర్చుకుంటాం అనే అనుమానం ఉంటే ఫార్ములా వీ సంగతి చూడండి. బీటిల్ ఇంజిన్, గేర్‌బాక్సు, ముందు ఇరుసు తీసి సింగిల్ సీటర్‌కు పెట్టే ఈ తరగతిని అమెరికాలో ఎస్‌సీసీఏ (అక్కడి స్పోర్ట్స్ కార్ క్లబ్బు) 1963లో గుర్తించింది. అక్కడ మొదలైంది 1200 సీసీ మామూలు ఇంజిన్‌తోనే. ఎమర్సన్ ఫిట్టిపాల్డీ, నికీ లౌడా, కేకే రోస్‌బర్గ్ ముగ్గురూ ఫార్ములా వీ నడిపాకే ఫార్ములా వన్ చాంపియన్లయ్యారు.

ఇక్కడ రాస్తున్నది పైకప్పున్న మామూలు బీటిల్‌ను సర్క్యూట్ రేసుకు తయారుచేయడం గురించి. ఇలా మార్చిన బండిని ఇంటి నుంచి ట్రాక్‌కు ట్రైలర్ మీదే తీసుకెళ్లాలి. ఇండియాలో ఉన్నవాళ్లయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇలాంటి మార్పులు చేసిన బండిని రోడ్డెక్కించకూడదని గుర్తుంచుకోండి. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద తిప్పాలన్నా ఎఫ్‌ఎంఎస్‌సీఐ (ఇండియాలో మోటారు రేసుల సమాఖ్య) నిబంధనలు ముందు చదవాలి. ఇంకో మాట: ఇండియాలో బీటిల్స్ తక్కువ. చక్కగా ఉన్న పాత బండిని దయచేసి కోయకండి. తుప్పుపట్టి, ఇంటీరియర్ పోయి, ఎవరూ బాగుచేయించుకోని బండే ఈ పనికి తగినది.

కావలసినవి

పనిముట్లు: 300 న్యూటన్ మీటర్లు దాటి కొలిచే పెద్ద టార్క్ రెంచ్, చిన్నదాన్లలో 10 నుంచి 60 వరకు కొలిచేది ఒకటి. 36 మి.మీ. సాకెట్, పొడుగాటి పైపు పిడి. డయల్ గేజ్, ఫీలర్ గేజ్, టైమింగ్ లైటు, కంప్రెషన్ గేజ్, క్యాంబర్ గేజ్ (చక్రం పక్కకు ఎంత వాలిందో కొలిచేది). గట్టి జాకీ స్టాండ్లు నాలుగు. కాంపౌండ్‌లో ఇటుకలున్నాయి కదా అని వాటి మీద బండిని నిలబెట్టొద్దు.

బయట చేయించాల్సినవి: రోల్ కేజ్ (పల్టీ కొట్టినా డ్రైవర్‌ను కాపాడే పైపుల చట్రం) వెల్డింగ్, క్రాంక్ కేసు బోరింగ్, క్రాంక్, ఫ్లైవీల్, క్లచ్ కలిపి బ్యాలెన్సింగ్. ఈ మూడూ అనుభవం ఉన్నవాళ్లకే ఇవ్వండి.

మంటలార్పడానికి: మామూలు ఏబీసీ పౌడర్ సిలిండర్‌తో పాటు లోహాల మంటలకు పనికొచ్చే డీ తరగతి సిలిండర్ కూడా ఉండాలి. బీటిల్ క్రాంక్ కేసు మెగ్నీషియం మిశ్రమం. దాన్ని డ్రిల్ చేసినప్పుడు రాలే పొట్టు అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మంట ఇంకా రేగుతుంది. పొట్టును వెంటవెంటనే ఊడ్చి మూత ఉన్న డబ్బాలో వేయండి.

1. ముందు రూల్ బుక్, తర్వాత బండి

మీరు పరిగెత్తించబోయే క్లబ్బు ఏది, అందులో ఏ తరగతి అన్నది తేల్చుకుని ఆ రూల్ బుక్ ప్రింటు తీసి గోడకు అంటించండి. విడుదలైన ఏడాదిని బట్టి, ఇంజిన్ సీసీని బట్టి, వెయిట్‌ను బట్టి తరగతులు మారిపోతాయి. వింటేజ్ తరగతుల్లో కొన్ని చోట్ల వెనక డిస్క్ బ్రేకులు ఒప్పుకోరు, కొన్ని చోట్ల కార్బురేటర్ సైజుకు హద్దు ఉంటుంది. విడిభాగాలు కొన్నాక చదివితే డబ్బు దండగ.

2. ఏ బీటిల్ ఎంచుకోవాలి

వెనక సస్పెన్షన్ చూసి కొనండి, రంగు చూసి కాదు. పాత బళ్లలో స్వింగ్ యాక్సిల్ ఉంటుంది: ఇరుసు గేర్‌బాక్సు దగ్గర మాత్రమే మడుస్తుంది, చక్రం దగ్గర కీలు లేదు. అమెరికాలో అమ్మిన బీటిల్స్‌కు 1969 మోడల్ నుంచి రెండు వైపులా సీవీ జాయింట్లు (కీళ్లు) ఉన్న ఐఆర్‌ఎస్, అంటే ఇండిపెండెంట్ రియర్ సస్పెన్షన్ వచ్చింది. 1302, 1303 మోడళ్లకైతే ఎక్కడ అమ్మినా ఐఆర్‌ఎస్సే. మెక్సికో బీటిల్స్ చాలా కాలం తయారైనా వాటికి స్వింగ్ యాక్సిలే ఉండిపోయింది. ఏడాది కొత్తది కదా అని మోసపోకండి.

కొత్తగా చేసేవాళ్లకు నా సలహా: ఐఆర్‌ఎస్ ఉన్న, ముందు టార్షన్ బీమ్ (మెలితిరిగే కడ్డీలే స్ప్రింగులుగా పనిచేసే గొట్టాల జత) ఉన్న మామూలు బీటిల్. స్వింగ్ యాక్సిల్ బండే ఉంటే ఐఆర్‌ఎస్ బ్రాకెట్లు ఛాసిస్‌కు వెల్డ్ చేయించొచ్చు, లేదా ఆ ఇరుసునే అదుపులో పెట్టుకోవచ్చు. అదెలాగో ఆరో మెట్టులో ఉంది.

కొనే ముందు ఒక స్క్రూడ్రైవర్, ఒక అయస్కాంతం తీసుకెళ్లండి. వెనక సీటు ఎత్తి కుడివైపు బ్యాటరీ కింద పొడవండి. తలుపుల కింద హీటర్ ఛానెళ్లు, ముందు బీమ్ బిగించే ఫ్రేమ్ హెడ్ అడుగు భాగం, వెనక గేర్‌బాక్సును పట్టుకునే రెండు కొమ్ములు చూడండి. నేల రేకు పోతే కొత్తది వెల్డ్ చేయొచ్చు. ఫ్రేమ్ హెడ్ పుచ్చినా, కొమ్ములు పగిలినా బేరం ఆడకుండా తిరిగొచ్చేయండి.

3. విప్పడం

బాడీ, ఛాసిస్ బోల్టులతో కలిసి ఉంటాయి కనుక విడదీయడం తేలికే. బోల్టులకు రెండు రోజుల ముందే తుప్పు వదిలే నూనె కొట్టండి. బలవంతంగా తిప్పితే లోపలి నట్టు ప్లేటు ఊడి తిరుగుతుంది, అప్పుడు రేకు కోయాల్సి వస్తుంది.

కార్పెట్లు, సీట్లు, తారు షీట్లు, వెనక సీటు వీపు అన్నీ తీసేయండి. కానీ ఒక దాని జోలికి పోవద్దు: ఇంజిన్ చుట్టూ ఉండే రేకులు. బరువు తగ్గుతుందని వాటిని పారేసేవాళ్లు చాలామంది. ఆ రేకులే ఇంజిన్‌కు రేడియేటర్ అనుకోండి. సంగతి తొమ్మిదో మెట్టులో చెప్తాను.

4. రోల్ కేజ్, సీటు

ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటారు రేసుల సమాఖ్య) నిబంధనల్లో డ్రైవర్ వెనక ఉండే ప్రధాన వంపుకు 45 మి.మీ. వెడల్పు, 2.5 మి.మీ. మందం ఉన్న పైపు, లేదా 50 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం ఉన్న పైపు వాడాలి. మిగతా వాటికి 38 మి.మీ., 2.5 మందం సరిపోతుంది. పైపు అతుకు లేని కోల్డ్ డ్రాన్ స్టీలు అయి ఉండాలి. నీళ్ల పైపులు చేసే అతుకు పైపు కాదు. మీ క్లబ్బు కొలతలు వేరుగా ఉంటే అవే పాటించండి.

పాదాల దగ్గర 3 మి.మీ. మందం తగ్గని ప్లేట్లు పెట్టాలి. బీటిల్‌లో బాడీ విడిగా బోల్టుల మీద కూర్చుంటుంది కాబట్టి కేజ్ పాదాలు హీటర్ ఛానెల్ రేకు మీద ఆపేస్తే చాలదు, కింద ఛాసిస్‌ను కూడా పట్టుకోవాలి. కేజ్ గుండా బాడీ, ఛాసిస్ ఒకటయ్యాక బండి గట్టిదనం ఎంత పెరుగుతుందో మొదటి మలుపులోనే తెలుస్తుంది.

పెట్రోల్ ట్యాంకు మీ మోకాళ్ల ముందుంటుంది. దాన్ని తీసి సేఫ్టీ సెల్ పెట్టి, క్యాబిన్‌కు, దానికి మధ్య రేకు గోడ కట్టండి. పాత ఒకే కడ్డీ స్టీరింగ్ కాలమ్ గుద్దుకున్నప్పుడు నేరుగా గుండెకే వస్తుంది, నలిగిపోయే రకం కాలమ్‌కు మార్చండి. హెల్మెట్ కార్లకు ఇచ్చే స్నెల్ ఎస్‌ఏ గుర్తున్నదే కొనాలి. బైకు హెల్మెట్ లోపలి గుడ్డ మంటను ఆపదు.

సరిచూసుకోవడం: సీట్లో కూర్చుని బెల్టులు బిగించి, హెల్మెట్ పెట్టుకుని తల అన్ని వైపులా ఊపండి. ఎక్కడ పైపు తగిలే వీలుందో అక్కడ గట్టి రకం ప్యాడింగ్ వేయండి.

5. బ్రేకులు

ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. మొదటి ఏడాదికి ఇది చాలు. మాస్టర్ సిలిండర్ రెండు సర్క్యూట్లది అయి ఉండాలి. 1967కు ముందు అమెరికా బళ్లలో ఒక్క సర్క్యూటే ఉండేది, ఒక గొట్టం పగిలితే అన్ని బ్రేకులూ పోయేవి.

తరచూ జరిగే తప్పు: డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండర్‌నే డిస్కులకు వాడటం. అందులో లైనులో కొంత ప్రెషర్ నిలిపే వాల్వ్ ఉంటుంది. డిస్కులకు ఆ ప్రెషర్ మిగిలితే ప్యాడ్లు రాసుకుంటూ వేడెక్కి పెడల్ రాయిలా అవుతుంది. చక్రం ఎత్తి, బ్రేకు తొక్కి వదిలి, చేత్తో తిప్పి చూడండి. వెంటనే స్వేచ్ఛగా తిరగాలి.

వెనక ఇరుసు 36 మి.మీ. నట్టు సంగతి: కనీసం 300 న్యూటన్ మీటర్లు బిగించి, పిన్ను రంధ్రం కుదరకపోతే ఇంకా ముందుకు బిగించి కుదర్చండి. వెనక్కి మాత్రం వదలకండి. ఈ నట్టు వదులుగా ఉంటే డ్రమ్ము లోపలి పళ్లు అరిగిపోయి, ఒకనాడు యాక్సిలరేటర్ తొక్కితే ఇరుసు తిరుగుతుంది, చక్రం తిరగదు.

6. వెనక సస్పెన్షన్: ఇక్కడే ఎక్కువ కాలం పెట్టండి

స్వింగ్ యాక్సిల్ బండిలో ఏం జరుగుతుందంటే, మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదలగానే వెనక భాగం పైకి లేస్తుంది. బయటి చక్రం కిందికి మడుచుకుని, టైరు అంచు మీద నిలబడుతుంది. ఆ తర్వాత బండి గిర్రున తిరగడమే, పల్టీ కొట్టినా ఆశ్చర్యం లేదు. దీన్ని ఆపడానికి మూడు పనులు చేయాలి. వెనక ఎత్తు తగ్గించి చక్రాలకు ఒకటి నుంచి రెండు డిగ్రీల నెగెటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) ఇవ్వాలి. ఇరుసుల కింద క్యాంబర్ కాంపెన్సేటర్ బిగించాలి. చక్రం కిందికి మరీ జారకుండా పట్టీలు కట్టాలి. మూడూ కావాలి, ఒకటి చేసి సరిపెట్టుకోవద్దు.

ఐఆర్‌ఎస్‌లో ఈ ప్రమాదం చాలా తక్కువ. ఒకటిన్నర డిగ్రీల నెగెటివ్ క్యాంబర్‌తో మొదలుపెట్టండి.

ఎత్తు మార్చడం టార్షన్ బార్ల పళ్లతో చేస్తారు. బార్ లోపలి చివర 40 పళ్లు, బయటి చివర 44 పళ్లు ఉంటాయి. లోపల ఒక పన్ను జరిపితే 9 డిగ్రీలు, బయట ఒక పన్ను జరిపితే 8 డిగ్రీల 10 నిమిషాలు. లోపల ఒకటి అటు, బయట ఒకటి ఇటు జరిపితే తేడా 50 నిమిషాలే, అంటే డిగ్రీ కంటే తక్కువ. ఇంత సన్నగా ఎత్తు సర్దుకోవచ్చు. ముందుగా ఉన్న కోణం రెండు వైపులా కొలిచి రాసుకోండి, రాసుకోకుండా బార్ బయటకు లాగితే మళ్లీ మొదటికే వస్తారు. పదే పదే మార్చే ఉద్దేశం ఉంటే స్క్రూతో సర్దే స్ప్రింగ్ ప్లేట్లు కొనండి, తూకం వేసేటప్పుడు బాగా పనికొస్తాయి.

హెచ్చరిక: స్ప్రింగ్ ప్లేటు కింద ఆపుడు గడప ఉంటుంది. దాని మీద నుంచి ప్లేటు జారితే విపరీతమైన బలంతో కిందికి కొడుతుంది, వేళ్లు తెగిపోతాయి. ప్లేటు కింద జాకీ పెట్టి, గొలుసుతో కట్టి, మెల్లగా దించండి. ముఖం, చేతులు ఆ దారిలో ఉండకూడదు.

సీవీ జాయింట్ల బోల్టులు 35 న్యూటన్ మీటర్లు. గ్రీజు అంటిన గాడిలో బోల్టు బిగిస్తే బిగిసినట్టే అనిపించి రెండో సెషన్‌కు వదులవుతుంది. గాడులు పెట్రోల్‌తో కడిగి, ఆరబెట్టి, మెలి వాషర్లు కొత్తవి వేసి బిగించండి. ఇరవై ముప్పై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించండి.

ఇంజిన్, గేర్‌బాక్సు రెండూ ఆ వెనక కొమ్ముల మీదే వేలాడుతున్నాయి. గట్టిగా లాంచ్ చేస్తే గేర్‌బాక్సు ముక్కు పైకి లేచి, చక్రాలు ఎగిరెగిరి పడతాయి, కొమ్ములు చీలతాయి. గట్టి యూరిథేన్ మౌంట్లు వేసి, షాక్ టవర్ల నుంచి గేర్‌బాక్సు కొమ్ములకు కలిపే బ్రేసు బిగించండి.

7. ముందు భాగం

ముందు బరువు లేదు, కాబట్టి ఎక్కువ పని కూడా లేదు. బీమ్‌లో ఎత్తు సర్దే అడ్జస్టర్లు, మందమైన యాంటీ రోల్ బార్, కొత్త బాల్ జాయింట్లు వేస్తే చాలు. ముందు దించితే క్యాస్టర్ (చక్రం తిరిగే కీలు వెనక్కి వాలిన కోణం) తగ్గి, స్పీడులో స్టీరింగ్ తేలిపోతుంది. బీమ్ కింది గొట్టం వెనక షిమ్ములు (పలచని బిళ్లలు) పెట్టి ఆ క్యాస్టర్ తిరిగి తెచ్చుకోండి.

ఎడమ ముందు చక్రం బేరింగు నట్టుకు ఎడమ మర ఉంటుంది. తెలియక బలంగా తిప్పి స్పిండిల్ పాడుచేసేవాళ్లు ఉన్నారు.

8. గేర్‌బాక్సు

నాలుగు గేర్లే. మూడు, నాలుగు మధ్య ఖాళీ మీ ట్రాక్‌కు పెద్దదనిపిస్తే తర్వాత మార్చుకోవచ్చు. ఇప్పటికి సీల్సు, షిఫ్ట్ కప్లింగ్ బుష్ మార్చి, ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌ను నిబంధనలు ఒప్పుకుంటే వేయించండి. గేర్లు దొరకట్లేదని ఎక్కువమంది గేర్‌బాక్సు విప్పేస్తారు కానీ తొంభై పాళ్లు తప్పు ఆ బుష్‌దే.

9. ఆయిల్, గాలి

బీటిల్ ఇంజిన్ చనిపోయేది ఎక్కువగా ఇక్కడే. మొత్తం ఆయిల్ రెండున్నర లీటర్లే. దాన్ని పీల్చే గొట్టం సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) మధ్యలో ఉంటుంది. పొడుగాటి మలుపులో ఆయిల్ ఒక పక్కకు తోసుకుపోయి పుష్ రాడ్ గొట్టాల గుండా హెడ్‌లోకి చేరుతుంది. గొట్టం గాలి పీలుస్తుంది. ఆ రెండు మూడు సెకన్లలో బేరింగు గీసుకుపోతుంది, డ్రైవర్‌కు ఏమీ తెలియదు.

ముందుగా వేయాల్సింది, లీటరుంపావు దాకా అదనంగా పట్టే డీప్ సంపు, దాంతో ఆయిల్ ఎగిరిపోకుండా విండేజ్ ట్రే. కింద నేలకు ఎంత ఖాళీ ఉందో కొలిచాకే కొనండి, బండి దించాక సంపు కర్బ్ రాళ్లకు తగులుతుంది. గాడులు లేని స్లిక్ టైర్లతో తిరగాలనుకుంటే డీప్ సంపుతో ఆగకండి, ఆయిల్‌ను విడి ట్యాంకులో ఉంచే డ్రై సంపుకే వెళ్లండి. ఖరీదే, కానీ ఒక ఇంజిన్ కంటే చవక.

ఫ్యాక్టరీ ఇంజిన్‌కు ఆయిల్ ఫిల్టర్ లేదు, ఉన్నది జాలీ మాత్రమే. క్రాంక్ కేసు విప్పి ఉన్నప్పుడే ఆయిల్ దారికి మర కొట్టి ఫుల్ ఫ్లో ఫిల్టర్ కలపండి. మర కొట్టాక దారులన్నీ సన్నటి బ్రష్‌తో, సబ్బు నీళ్లతో, గాలితో మూడు సార్లు కడగండి. మిగిలిన ఒక్క పొట్టు ముక్క చాలు, పని మొత్తం వృథా. ఆయిల్ ప్రెషర్ సెన్సర్‌ది కోను మర, బలంగా బిగిస్తే మెగ్నీషియం కేసు పగులుతుంది.

ఇక గాలి. 1970 వరకు వచ్చిన బళ్లలో ఆయిల్ కూలర్ ఫ్యాన్ డబ్బా లోపలే మూడో సిలిండర్ గాలికి అడ్డంగా ఉండేది. అందుకే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వ్ ముందు కాలేది. 1971 మోడల్ నుంచి కూలర్‌కు విడిగా గూడు కట్టారు. ఆ కొత్త రకం డబ్బానే వాడండి. హీటర్ తీసేస్తే డబ్బాకున్న రెండు హీటర్ గొట్టాల నోళ్లు మూయడం మరవద్దు, లేకపోతే చల్లటి గాలి సగం అక్కడి నుంచే పోతుంది. ఇంజిన్ చుట్టూ ఉన్న రబ్బరు అంచు పూర్తిగా ఉండాలి. కింది వేడి గాలి పైకి రాకూడదు, ఈ రబ్బరు పని అంతే. రాత్రి ఇంజిన్ కింద టార్చ్ పెట్టి పైనుంచి చూడండి. వెలుగు కనిపించిన చోటల్లా వేడి గాలి కూడా వస్తుంది.

పెట్రోల్ ఫిల్టర్ ఇంజిన్ గదిలో పెట్టొద్దు. కార్బురేటర్‌లోకి దిగే ఇత్తడి గొట్టం వదులై ఊడటం వల్ల కాలిపోయిన బీటిల్స్ లెక్కలేనన్ని. గొట్టాలన్నీ కొత్తవి, క్లిప్పులు రెండేసి.

10. ఇంజిన్

ఇక్కడి దాకా వచ్చాక 1600 సీసీ ఇంజిన్‌తోనే ఒక సీజన్ నడపండి, ఇది నా గట్టి సలహా. ఆగలేకపోతే 69 మి.మీ. మామూలు క్రాంక్‌తో 90.5 మి.మీ. పిస్టన్లు, అంటే 1776 సీసీ. గోడలు మందంగా ఉంటాయి, వేడిని తట్టుకుంటాయి. కేసు బోరింగ్ లేకుండా దూరే 88 మి.మీ. బ్యారెళ్లు చవకగా వస్తాయి కానీ గోడలు పలచన, వేడికి కోడిగుడ్డు ఆకారంలోకి వంగిపోతాయి. వాటి జోలికి పోవద్దు.

కంప్రెషన్ లెక్క మీరే వేసుకోండి, అమ్మినవాడి మాట మీద వదలకండి. పిస్టన్ పైకి వచ్చాక బ్యారెల్ అంచుకు ఎంత కిందుందో డయల్ గేజ్‌తో కొలవండి, అదే డెక్ హైట్. హెడ్ గదిలో సిరంజితో నూనె పోసి సీసీ కొలవండి. ఒక ఉదాహరణ:

1776 ఇంజిన్‌లో ఒక సిలిండర్ 444 సీసీ. హెడ్ గది 50 సీసీ. డెక్ హైట్ 1.5 మి.మీ. అయితే అక్కడ 9.65 సీసీ. పైన మిగిలే జాగా 59.65. మొత్తం 503.65ను 59.65తో భాగిస్తే 8.4. డెక్ హైట్ 1 మి.మీ.కు తగ్గిస్తే 8.9 వస్తుంది. ఒక్క మి.మీ. కంటే తగ్గించొద్దు, పిస్టన్ హెడ్‌కు తగిలే ప్రమాదం ఉంది. గాలితో చల్లబడే ఇంజిన్‌కు మొదటిసారి 8.5 దగ్గర ఆగడం మేలు.

కొలతలు: క్రాంక్ ఎండ్ ఫ్లోట్ (క్రాంక్ ముందుకూ వెనక్కీ ఆడే ఖాళీ) 0.07 నుంచి 0.13 మి.మీ. మూడు షిమ్ములే వాడాలి, రెండు మందమైనవి పెట్టి సరిపెట్టొద్దు. ఫ్లైవీల్ మధ్య నట్టు 300 న్యూటన్ మీటర్లు. మామూలు ఫ్లైవీల్ నాలుగు డోవెల్ పిన్నుల మీద ఉంటుంది, రేసుకు ఎనిమిది వేయించండి. హెడ్ నట్లు 8 మి.మీ. స్టడ్లకు 25, 10 మి.మీ. స్టడ్లకు 31. ముందు సగం బలంతో వరస ప్రకారం, తర్వాత పూర్తి బలంతో.

ట్యాపెట్ సెట్టింగ్ చల్లటి ఇంజిన్ మీద 0.15 మి.మీ. అల్యూమినియం పుష్ రాడ్లకు ఇది. క్రోమోలీ స్టీలు రాడ్లు వేస్తే ఖాళీ దాదాపు సున్నా, వేలితో తిప్పితే రాడ్ తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. పాత లెక్కే స్టీలు రాడ్లకు పెట్టి "ఇంజిన్ టకటకలాడుతోంది" అని బాధపడేవాళ్లు ఎక్కువ.

ఎగ్జాస్ట్ వాల్వులు, గైడ్లు పాతవి మళ్లీ వాడొద్దు. వాల్వ్ తల తెగిందంటే పిస్టన్, హెడ్ రెండూ పోతాయి.

11. మొదటి స్టార్ట్

ప్లగ్గులు తీసేసి, ఆయిల్ ప్రెషర్ కనిపించే దాకా స్టార్టర్‌తో తిప్పండి. పదేసి సెకన్లు తిప్పి ఆపండి. ప్రెషర్ రాకపోతే స్టార్ట్ చేయొద్దు, పంపు కవర్, పీల్చే గొట్టం సీలు చూడండి.

కొత్త క్యామ్ అయితే అంటుకోగానే 2000 దాటిన ఆర్‌పీఎంలో ఇరవై నిమిషాలు. ఐడిల్‌లో వదిలితే క్యామ్ కొమ్ములు అరిగిపోతాయి. జింక్ ఎక్కువున్న ఆయిల్ పోయండి. తర్వాత ఆయిల్ మార్చి, పాత ఆయిల్‌ను పళ్లెంలో పోసి అయస్కాంతం తిప్పండి. సన్నటి బూడిద రంగు ముద్ద మామూలే, తునకలు కనిపిస్తే విప్పాల్సిందే.

ఇగ్నిషన్: మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ వస్తుందన్నది) 3000 ఆర్‌పీఎం పైన టైమింగ్ లైటుతో చూసి 28 నుంచి 32 డిగ్రీల మధ్య పెట్టండి. ఐడిల్‌లో చూసి వదిలేయడం పెద్ద తప్పు, పిస్టన్‌కు రంధ్రం పడేది అందుకే.

ఆయిల్ ప్రెషర్ వేడెక్కాక ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్‌ఐ ఉండాలి. వేడి 80 నుంచి 110 డిగ్రీల సెల్సియస్. 120 దాటితే పిట్‌కు వచ్చేయండి. బెల్టు తెగితే ఫ్యాన్ ఆగిపోతుంది. అప్పుడు పిట్ దాకా వెళ్దాం అనుకోకుండా అక్కడే ఇంజిన్ ఆపేయండి.

12. తూకం, అలైన్‌మెంట్

నాలుగు చక్రాల కింద నాలుగు త్రాసులు. ట్యాంకు సగం నింపి, సీట్లో మీ బరువుకు సమానమైన బస్తాలు పెట్టి తూయండి. ఎడమ ముందు 165, కుడి ముందు 160, ఎడమ వెనక 275, కుడి వెనక 260 వచ్చిందనుకుందాం. మొత్తం 860 కిలోలు. కుడి ముందు, ఎడమ వెనక కలిపితే 435, అంటే 50.6 శాతం. ఇది బాగానే ఉంది. 52 దాటితే వెనక స్ప్రింగ్ ప్లేటు స్క్రూలతో సర్దండి, లేకపోతే బండి ఒక వైపు చక్కగా, ఇంకో వైపు మొండిగా తిరుగుతుంది.

టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం): వెనక చక్రాలు సున్నా లేదా కొద్దిగా లోపలికి. బయటికి ఒక్క మి.మీ. ఉన్నా బ్రేకు తొక్కితే వెనక ఈడుస్తుంది. టైరు గాలి వెనక ఎప్పుడూ ముందు కంటే ఎక్కువ. ఫ్యాక్టరీ కూడా ముందు 16, వెనక 24 పీఎస్‌ఐ అన్నది ఇందుకే. రేసు టైర్లకు అంకెలు మారతాయి కానీ ఆరేడు పీఎస్‌ఐ తేడాతో మొదలుపెట్టండి.

13. ట్రాక్ మీద మొదటి రోజు

మొదటి మూడు ల్యాపులు సగం స్పీడులో, వచ్చి ఆపండి. ఇరుసు నట్లు, సీవీ బోల్టులు, చక్రాల బోల్టులు టార్క్ రెంచ్‌తో చూడండి. ఇంజిన్ కింద కొత్త ఆయిల్ చుక్కలున్నాయా చూడండి.

తర్వాత ట్రాక్‌లో ఖాళీగా ఉన్న తిన్నని భాగం మీద బ్రేకు బలంగా తొక్కండి. ముందు చక్రాలు ముందు లాక్ కావాలి. వెనకవి ముందు లాక్ అయితే ఆ రోజుకు ఆపేసి, వెనక బ్రేకు బలం తగ్గించాకే మళ్లీ ఎక్కండి. వెనక ఇంజిన్ బండిలో ఇది ప్రాణాంతకం.

మలుపులో స్పీడు ఎక్కువైందనిపిస్తే యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదలొద్దు. బ్రేకింగ్ మలుపుకు ముందే తిన్నగా ఉన్నప్పుడు పూర్తిచేసి, మలుపులో కాలు కొద్దిగా యాక్సిలరేటర్ మీద నిలిపి ఉంచండి. ముందు ఇంజిన్ బండి నడిపిన అలవాటు కాలు వదలమంటుంది, అదే వెనక భాగాన్ని బయటికి విసురుతుంది. వీలైతే తడిపిన ఖాళీ స్థలంలో తక్కువ స్పీడుతో ఇది సాధన చేయండి.

ఆయిల్ ప్రెషర్ గేజ్‌ను మలుపులో చూడటం కుదరదు. అందుకని 20 పీఎస్‌ఐ కంటే తగ్గితే వెలిగే పెద్ద ఎర్ర లైటు కళ్ల ఎదుట పెట్టండి. ఏ మలుపులో వెలిగిందో రాసుకోండి. ఒకే మలుపులో రెండుసార్లు వెలిగితే సంపు చాలట్లేదని అర్థం.

ప్రతి సెషన్ అవగానే, బండి చల్లారకముందే టైరు వేడి లోపల, మధ్య, బయట మూడు చోట్ల కొలవండి. మధ్య ఎక్కువ వేడి ఉంటే గాలి ఎక్కువైంది. లోపల బయటి కంటే పదీ పన్నెండు డిగ్రీలు ఎక్కువుంటే క్యాంబర్ తగ్గించండి. బయట వేడిగా ఉంటే క్యాంబర్ చాలలేదు. ప్లగ్గులు కూడా అప్పుడే తీయండి, ఇంజిన్‌ను ఫుల్ స్పీడు నుంచి క్లచ్ తొక్కి, ఆపి, తోసుకుంటూ పిట్‌కు తెచ్చి తీస్తేనే నిజం చెప్తాయి. లేత గోధుమ రంగు బాగుంది. తెల్లగా, సన్నటి అల్యూమినియం చుక్కలతో ఉంటే మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే రంధ్రం) పెంచండి. మూడో సిలిండర్ ప్లగ్గు మిగతా మూడింటి కంటే తెల్లగా ఉంటే, జెట్ మార్చే ముందు ఫ్యాన్ డబ్బా, రేకులు, రబ్బరు అంచు మళ్లీ ఒకసారి విప్పి చూడండి.